పిడి విప్పితేనే అసలు సంగతి

జపానులో తొకుగావా ఇయెయాసు ఏలుబడి మొదలైన కొత్తలో, ఎచిజెన్ సీమకు చెందిన యాసుత్సుగు అనే కమ్మరి తన కత్తుల మీద ఒక వింత మాట చెక్కేవాడు. పిడి లోపల దాగే ఇనుప తోక మీద తన పేరుతో పాటు, ఇది నాన్‌బాన్ ఇనుముతో చేసిన కత్తి అని ఉలితో రాసేవాడు. దక్షిణ సముద్రాల మీదుగా వచ్చే పరదేశీయులను, వాళ్ల సరుకునూ జపానువాళ్లు నాన్‌బాన్ అనేవారు. యాసుత్సుగు చిల్లర కమ్మరి కాడు. ఇయెయాసే తన పేరులోని ఒక అక్షరాన్ని అతనికి ఇచ్చి, తన వంశ చిహ్నాన్ని కత్తి తోక మీద చెక్కుకోనిచ్చాడు. అంతటివాడు పరదేశపు ఇనుమని గొప్పగా చెప్పుకున్నాడంటే, ఆ ఇనుము మచిలీపట్నం రేవులో ఓడెక్కి ఉంటుందని ఊహించడానికి తెలుగువాడికి ఎంతసేపు పడుతుంది? కొండాపురం, జమ్మలమడుగు వైపు వాళ్లకైతే ఇంకా దగ్గరి దారి ఉంది. 1650లో పెమ్మసాని వారి చేతుల్లోంచి గండికోటను గెలుచుకున్న మీర్ జుమ్లా అంతకుముందు మచిలీపట్నంలో గోల్కొండ అధికారి. సొంత ఓడలు నడిపాడు, డచ్చివాళ్లతో బేరాలు సాగించాడు. 1652లో గండికోటకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడ ఫిరంగులు పోత పోయడం గురించి రాశాడు. పెన్నా లోయ నుంచి తొకుగావాల ఎడో నగరం దాకా కథ దానంతటదే అల్లుకుపోతుంది. అల్లిక ఇంత సులువుగా కుదిరిందంటేనే అనుమానించాలి. పాత జపాను కత్తి అసలుదో కాదో తేల్చేటప్పుడు కొలత, తోక, ఉక్కు ముందు రావాలి. పేరు, కథ చివర రావాలి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. మోసాలన్నీ అక్కడే మొదలవుతాయి.

ముందు కొలత. కత్తి మొన నుంచి వీపు వైపున తోక మొదలయ్యే గంటు దాకా తిన్నగా కొలుస్తారు. వంపు వెంబడి కాదు. జపాను కొలమానం షాకు అంటే 30.3 సెంటీమీటర్లు. ఒక షాకు లోపలయితే తాంతో అనే బాకు, ఒకటి నుంచి రెండు షాకుల మధ్య అయితే వాకిజాషి అనే పొట్టి కత్తి, రెండు దాటితే కతానా. లెక్క ఇంత తేలికగా ఉన్నా చిక్కు ఉంది. పొట్టి కత్తి పుట్టుకతోనే పొట్టిది కాకపోవచ్చు. కాలం మారి పొడుగు కత్తి వాడుక తగ్గినప్పుడో, మొన విరిగినప్పుడో దాన్ని కుదించేవారు. తోక వైపు కోసి కుదిస్తే కమ్మరి సంతకం ఆ ముక్కతోనే పోయేది. తోకకు రెండు మూడు రంధ్రాలు కనిపిస్తే పిడి స్థానం మారిందని, కత్తి కుదించినదేమోనని చూడాలి. సంతకం లేకపోవడం దొంగ సరుకుకు గుర్తు కాదు. ఒక్కోసారి పాతదనానికి గుర్తు. తొకుగావాలు ఏలిన ఎడో కాలంలో వర్తకులు కూడా వాకిజాషి ధరించేవారు కాబట్టి ఇవి లెక్కకు మిక్కిలిగా తయారయ్యాయి. వాకిజాషి అనగానే సమురాయ్ సొత్తు అనుకోవడం అందుకే తొందరపాటు.

తర్వాత తోక, అంటే నకాగో. పిడికి అడ్డంగా దిగిన చిన్న వెదురు మేకును నెట్టి తీస్తే పిడి ఊడివస్తుంది. నిజానికి కత్తి వయసు చెప్పేది ఇక్కడి తుప్పే. మెరిసే అలుగును తరతరాలుగా సాన పట్టి ఉంటారు; తోకను మాత్రం ఎవరూ ముట్టుకోరు. మూడు నాలుగు వందల ఏళ్ల తోక మీది తుప్పు నల్లటి గోధుమ రంగులో, ఇనుములో కలిసిపోయినట్టు ఉంటుంది, వేలికి అంటదు. ఎర్రగా పొడిపొడిగా రాలితే అది కొత్త తుప్పు, లేదా ఎవరో మందు పూసి తెప్పించిన తుప్పు. తోక మీద ఆకురాయి గీతలుంటాయి. అవి అడ్డంగా ఉన్నాయా, వాలుగా ఉన్నాయా అన్నది ఒక్కో కమ్మరి కుటుంబానికి ఒక్కో అలవాటు. సంతకం ఉంటే అక్షరాల లోతుల్లోకి చూడాలి. ఉలి దిగినప్పుడు లోహం గీత అంచున కొద్దిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీద, గీత అడుగున, చుట్టూ ఉన్న ఇనుము మీద తుప్పు ఒకే రంగులో ఉండాలి. చుట్టూ నల్లగా ఉండి గీత లోపల మాత్రం ఎర్రగా కనిపిస్తే పాత కత్తికి కొత్త పేరు తగిలించారన్నమాట.

ఆ పని చాలా పాతది. పేరున్న కమ్మరుల సంతకాలు జపానులోనే వందల ఏళ్లుగా దొంగతనంగా చెక్కారు. 17వ శతాబ్దపు నాగాసోనె కొతెత్సు పేరుతో ఉన్న కత్తుల్లో నకిలీలు ఎంత ఎక్కువంటే, ఆ పేరు కనిపించగానే నిపుణులు ముందు అనుమానిస్తారు. అందరికీ తెలిసిన మాసామునె చేసిన కత్తుల్లో చాలావాటికి సంతకమే లేదు. పట్టాదారు పుస్తకం చూసి, పొలం గట్లు చూడకుండా బయానా ఇచ్చేసినట్టు ఉంటుంది సంతకం చూసి కత్తి కొనడం. అలాగని సంతకాన్ని పారేయాలని కాదు. అలుగు చెప్పిన దానితో అది కుదిరితే బలమైన సాక్ష్యమే. అలుగును వాలు వెలుతురులో పట్టుకుంటే వాదర వెంబడి తెల్లటి అల కనిపిస్తుంది. దాన్ని హామోన్ అంటారు. కత్తికి మట్టి పూసి, కాల్చి, నీళ్లలో ముంచినప్పుడు వాదర దగ్గరి ఉక్కు గట్టిపడిన జాడ అది. అసలుదైతే ఆ గీతలో పొగమంచులాంటి తెలుపు, అందులో అక్కడక్కడ మెరిసే సన్నటి రేణువులు లోహం లోపలి నుంచి కనిపిస్తాయి. ఆమ్లంతోనో తీగ బ్రష్షుతోనో గీసిన నకిలీ గీత పైపైనే నిలుస్తుంది. కాస్త మీదికి పోతే మడత పెట్టి సాగగొట్టిన ఉక్కు పొరలు చెక్క నరాల్లా కనిపించాలి. అవి ఏమీ లేకుండా అద్దంలా నున్నగా ఉంటే యంత్రం మీద చేసిన కత్తేమోనని చూడాలి.

మన దేశంలో ఈ చివరి అనుమానం తప్పనిసరి. 1945లో జపాను లొంగిపోయినప్పుడు బర్మా, మలయా రంగాల్లో వేల కత్తులు గెలిచిన సైన్యాల చేతికి వచ్చాయి. 1946, 47లో జపానులో నిలిచిన ఆక్రమణ సేనలో భారత దళమూ ఉంది. సైన్యంలో పనిచేసిన కుటుంబాలకు ఇలా చేరిన కత్తుల్లో చాలావరకు యుద్ధ కాలంలో ఫ్యాక్టరీల్లో తయారైనవి. కొన్నింటి తోక మీద చిన్న ముద్ర ఉంటుంది. కింది అధికారుల కత్తులకు లోహపు పిడి, అలుగు మీద వరుస సంఖ్య ఉంటాయి. అయితే సైనిక పిడిలో తాతల నాటి పాత అలుగును బిగించుకుపోయిన అధికారులూ ఉన్నారు కాబట్టి పిడిని చూసి తీర్పు చెప్పలేం. దంతపు చెక్కడాల ఒరలది ఇంకో కథ. 1876లో కత్తి ధరించడాన్ని నిషేధించాక, విదేశీ కొనుగోలుదారుల కోసం ఇలాంటివి ఎన్నో తయారయ్యాయి. పనితనమంతా పైనే, లోపలి అలుగు తరచు నాసి. హైదరాబాదులో 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంలోని జపాను వస్తువుల్లో సమురాయ్ కత్తులూ ఉన్నాయి. ఒరలో పెట్టిన కత్తిని అద్దం ఇవతలి నుంచి చూసేవారికి కనిపించేది ఒర, పిడి మాత్రమే. తోక ఫొటోలను కూడా పక్కనే పెడితే చూపరికి చాలా మేలు.

ఇప్పుడు నాన్‌బాన్ ఇనుము దగ్గరికి వద్దాం. మనవైపు సాక్ష్యం తక్కువేమీ కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలో కరిగించి చేసే ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారని బ్రిటిషు భూగర్భ శాస్త్రవేత్త వోయ్సీ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఇందల్వాయిలో కత్తులు, బాకులు తయారవుతాయని 17వ శతాబ్దంలోనే ఫ్రెంచి యాత్రికుడు థెవెనో రాశాడు. కోరమాండల్ తీరం నుంచి డచ్చివాళ్లు ఇనుము, ఉక్కు జావాలోని బటావియాకు పంపారు. వాళ్లకు జపానులోనూ వర్తకశాల ఉంది. కాబట్టి తెలుగు ఉక్కు జపాను చేరే దారి ఉంది. దారి ఉందంటే ప్రయాణం జరిగిందని కాదు. మొదటి తరం యాసుత్సుగు 1621లో చనిపోయాడు. మీర్ జుమ్లా గండికోట గెలిచింది ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లకు. తొలి కత్తులతో అతనికి ముడి వేయడం కుదరదు. డచ్చివాళ్లు జపానులోని హిరాదోలో నిలదొక్కుకున్నది 1609లో. పోర్చుగీసువాళ్లు అంతకు ఎంతో ముందే వచ్చారు. పైగా నాన్‌బాన్ అంటే ఒక దేశం కాదు. గోవా, మలక్కా, సయాం, యూరప్ సరుకంతా ఆ మాట కిందికే వస్తుంది.

ఉక్కునే అడిగితే పోదా అనవచ్చు. మన మూస ఉక్కుకు నీళ్ల అలల్లాంటి చారలు పేరు తెచ్చాయి. కానీ జపాను కమ్మరి ఉక్కును పదేపదే ఎర్రగా కాల్చి మడతపెట్టి సాగగొడతాడు. ఆ వేడికి చారలు నిలవవు. కంటితో చూసి ఇది కోనసముద్రం ఉక్కని చెప్పేవాడిని నమ్మనక్కర లేదు. ప్రయోగశాల మాటేమిటి? ఇటలీ పరిశోధకులు ఫ్లోరెన్స్‌లోని స్టిబర్ట్ మ్యూజియం జపాను కత్తులను న్యూట్రాన్ కిరణాలతో, చిన్న గీత కూడా పడకుండా పరీక్షించారు. ఉక్కులో కర్బనం ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ, ఎలా గట్టిపడింది అన్నవి అలా తెలుస్తాయి. ఏ కొండ ఖనిజమో అలా తేలదు. దానికి కత్తిలోని మలినాలను మన పాత కొలిముల చిట్టెంతో పోల్చాలి. 2010లో ఉత్తర తెలంగాణలో పాత ఇనుప కొలిముల జాడలను బ్రిటన్, భారత పరిశోధకులు కలిసి సర్వే చేశారు. మనవైపు పునాది పడింది. జపాను వైపు కత్తి నుంచి ముక్క తీయడానికి ఎవరూ సులువుగా ఒప్పుకోరు. నిపుణుల ధ్రువపత్రం చాలదా అంటే, 1948లో ఏర్పడిన జపాను కత్తుల పరిరక్షణ సంఘం ఇచ్చే పత్రాలకు ఎంతో విలువ ఉంది. అయినా అది బాగా చదువుకున్న కళ్లు చెప్పిన అభిప్రాయం. కమ్మరి ఎవరో చెబుతుంది, ఇనుము ఏ ఊరిదో చెప్పదు. నాన్‌బాన్ ఇనుములో తెలుగు ఉక్కు ఉండే అవకాశం ఉంది, రుజువు లేదు. నేటికి చెప్పగలిగిన తీర్పు ఇంతే.

ప్రొద్దుటూరు, పులివెందుల వైపు ఏ ఇంటి అటక మీదనైనా ఇలాంటి పొట్టి కత్తి ఉంటే ఒక మనవి. సాన పట్టించకండి, తోక మీది తుప్పును గీకకండి, ఇసుక కాగితంతో రుద్దకండి. ఒక్క పూటలో పోయిన సాక్ష్యం మళ్లీ రాదు. పిడిని జాగ్రత్తగా తీసి తోకకు రెండు వైపులా ఫొటోలు తీయండి, పొడవు కొలిచి రాసుకోండి, ఎవరు ఎప్పుడు ఎక్కడి నుంచి తెచ్చారో కాగితాలుంటే కత్తితోనే ఉంచండి. వందేళ్లు దాటిన వస్తువును సొంతంగా దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. దొరకగానే ధర అడగడానికి వెళ్లకుండా, పురావస్తు శాఖవారికి చూపించండి.