పంపేదెవరు? - ఒక క్రియాపదం చరిత్ర

సాహిత్య విమర్శలో మనం నామవాచకాల చరిత్రను శ్రద్ధగా చర్చిస్తాం. 'దొర', 'కూలి', 'వెట్టి' వంటి మాటల వెనుకవున్న సామాజిక సంబంధాలను విప్పి చూపుతాం. క్రియలను మాత్రం వ్యాకరణానికి వదిలేస్తాం. కాని ఎవరు ఎవరిచేత ఏమి చేయించారో చెప్పేది క్రియే. ఇంగ్లీషువారి 'షిప్' అనే క్రియనూ, మన 'పంపు'నూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

ఇస్నాపూర్‌కు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా ముంబయి వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా, పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల్లో గుమాస్తాల నోట 'షిప్పింగ్ అయింది' అన్న మాట వినిపిస్తుంది. మాలు ఎక్కింది లారీ. మాట మాత్రం ఓడది.

ఇంగ్లీషులో 'షిప్' అంటే మొదట ఓడ. తర్వాత ఓడ ఎక్కడం, ఎక్కించడం అనే అర్థంలో క్రియ అయింది. ఆ మీదట ఓడమీద సరుకు పంపడమయింది. 19వ శతాబ్దంలో అమెరికాలో రైలుమార్గాలు విస్తరించాక, రైలుమీద పంపినా అదే క్రియ వాడారు. ఇవాళ హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో, పూర్తయిన ప్రోగ్రాంను కొనుగోలుదారుకు అందించడాన్నీ అలాగే అంటున్నారు. ఓడ జారిపోయింది, వర్తకుడి చూపు మిగిలింది. ఆ చూపుకు లెక్కపెట్టగలిగినదంతా సరుకే.

మన 'పంపు' పుట్టుక వేరు. ప్రాచీన కావ్యభాషలో 'పనుచు' అంటే పంపడమూ, ఆజ్ఞాపించడమూ కూడా. 'పనుపు', 'పంపు' అన్నవి ఆజ్ఞకు పేర్లు. 'పని'తో వీటికి చుట్టరికం వుంది. రాజు పంపున బంటు కదిలాడంటే రాజాజ్ఞ మీద కదిలాడని అర్థం. పారసీ, ఉర్దూ కచేరీల ద్వారా 'రవానా' వచ్చి చేరింది. తెలంగాణ పల్లెలో పశువులనూ 'తోలుతారు', పిల్లలను బడికీ 'తోలుతారు'. వెట్టిమనిషి అధికారి మూటను నెత్తిన పెట్టుకుని పక్క ఊరికి నడిచింది కూడా ఇటువంటి 'పంపు' మీదనే. ఇందులో గొప్ప చెప్పుకోవలసిందేమీ లేదు. ఇది భూస్వామ్య వ్యవస్థ మాట. అయితే అక్కడ ఆజ్ఞాపించేవాడు వాక్యంలో దాక్కోలేదు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో వెట్టిని ధిక్కరించిన పేదవాడికి, తాను ఎవరి మాట కాదంటున్నాడో తెలుసు.

వర్తకుడి క్రియ మనుషుల మీదికి వచ్చినప్పుడు ఆ స్పష్టత పోయింది. బ్రిటిషు సామ్రాజ్యంలో 1834లో బానిసత్వ నిషేధం అమలులోకి రాగానే చెరకు తోటలకు కొత్త చేతులు కావలసివచ్చాయి. మారిషస్‌కు ఆ ఏడే ఒప్పంద కూలీల తరలింపు మొదలైంది. మద్రాసులో బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. నాటాల్ తోటలకు వెళ్లినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ వున్నారు. మనిషికొక నంబరు, అయిదేళ్ల ఒప్పందం. బెల్లం బస్తాకు వాడిన క్రియనే వారికీ వాడారు. బర్మాలో తెలుగు కూలీకి 'కోరంగి' అన్న పేరు పడింది. అది గోదావరి ముఖద్వారం దగ్గరి రేవు పేరు. మనిషి పేరు చెరిగి, రేవు పేరు నిలిచింది. ఒప్పంద కూలీలను పంపే పద్ధతి 1917లో ఆగింది. ఆ వాక్యనిర్మాణం ఆగిందా?

ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలనుంచి మన పారిశ్రామికవాడలకు మనుషులను చేర్చే వ్యాపారం పేరు 'లేబర్ సప్లై'. మందుల డ్రమ్ముమీద బ్యాచి నంబరు, తయారీ తేదీ వుంటాయి. వెంట వెళ్లే కాగితాల్లో చేరవలసిన చిరునామా వుంటుంది. కంట్రాక్టు కార్మికుడికి తరచుగా 'ఫలానా కంట్రాక్టరు పంపిన మనిషి' అన్నదే చిరునామా. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా మరణించారు. వారిలో అనేకులు పరాయి రాష్ట్రాల కార్మికులు. మృతులను గుర్తించడానికి డి.ఎన్.ఎ. పరీక్షలు చేయవలసివచ్చింది. ఆ తర్వాత 'శవాలను స్వగ్రామాలకు పంపడం జరిగింది' అని మనం రాస్తాం. ఈ వాక్యంలో కర్త ఎక్కడ? అసలు వారిని ఇక్కడికి పంపినదెవరు? ఊళ్లో పని లేకపోవడమా, కంట్రాక్టరా, చౌక శ్రమ కోరిన పెట్టుబడా?

మనకు 'సాగనంపు' అన్న మాట కూడా వుంది. అత్తవారింటికి వెళ్లే పిల్లనూ, కాటికి వెళ్లే మనిషినీ సాగనంపుతాం. పంపేవారు కొంత దూరమైనా వెంట నడవాలి. పంపడమంటే బాధ్యత అని ఒప్పుకున్న మాట అది.

కార్ఖానాలో కార్మికుడు పలికే 'షిప్పింగు'నూ, 'సప్లై'నీ కథల్లోనుంచి తీసివేయమనడం ఛాందసం. ఆ మాటలు అతని జీవితంలో భాగం. పాత్ర నోట వాటిని వుండనివ్వాలి. రచయిత తన సొంత వాక్యంలో మాత్రం 'కూలీలు వచ్చారు', 'మాలు పోయింది' అని ఊరుకోకూడదు. పంపినవాడిని వెదికి, కర్త స్థానంలో నిలబెట్టాలి. అది వ్యాకరణం పనే కాదు, రచయిత పని కూడా.