కాండిల్, కందీలు, కొవ్వొత్తి

పరదేశపు వస్తువు మన యింటికి వచ్చినపుడు దానితోపాటు దాని పేరును గ్రహించుట ఒక పద్ధతి. వస్తువును చూచి, మన మాటలతో దానికి పేరు పెట్టుకొనుట మఱియొక పద్ధతి. లాంతరు మొదటి విధమున వచ్చినది. ఆంగ్లేయుల కాండిల్ రెండవ విధమున తెలుగై కొవ్వొత్తి యైనది. ఈ రెండు పేర్లను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో రెండు జాతుల దీపచరిత్ర కొంత తెలియగలదు.

కాండిల్ అను మాటకు మూలము లాటినులోని 'కాండేలా'. 'కాండేరే' యనగా తెల్లగా ప్రకాశించుట. క్రైస్తవమతముతో కూడ ఈ మాట ప్రాచీనాంగ్లమున ప్రవేశించినది. రోమునగరమున పదవులు కోరువారు సుద్దతో తెలుపుచేసిన వస్త్రములు ధరించి ప్రజలను ఆశ్రయించెడివారు. అందుచేత వారికి ఆ ధాతువునుండియే పేరు వచ్చినది; నేటి ఎన్నికలలోని 'కాండిడేటు' అదియే. మన 'చంద్ర' శబ్దము సయితము ఈ ధాతువునకు జ్ఞాతియని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. చంద్రుడును, కాండిలును, అభ్యర్థియు ఒక్క వంశమువారే!

ఈ లాటిను మాట తూర్పునకు కూడ ప్రయాణము చేసినది. గ్రీకు ద్వారా అరబ్బీలో చేరి, పారసీకమునుండి ఉర్దూలోనికి వచ్చి, తెలుగున, ముఖ్యముగా తెలంగాణమున, 'కందీలు' అయినది. దారిలో అర్థము మారి లాంతరునకు పేరైనది. కాండిలును కందీలును ఒక తల్లి బిడ్డలే. పడమట నున్నది ఒకటి, తూర్పు తిరిగి వచ్చినది మఱియొకటి.

ఈ మాటను మోసికొనివచ్చిన పారసీకము నెల్లూరు సీమ పడమటి భాగమునకు క్రొత్తది కాదు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి గైకొనిన ఉదయగిరి దుర్గము, తరువాత గోలకొండ సుల్తానుల వశమైనది. పదునేడవ శతాబ్దినాటి పారసీక శాసనములు ఆ కొండపై కలవు. ఆంగ్లపాలన రాకమునుపే ఆ భాష ఆ కొండ నెక్కినది. ఇక ఆత్మకూరు వైపు చూచినచో, ఆ తాలూకా గూడూరు, రాపూరు, కావలి తాలూకాలతోపాటు అభ్రకపు గనులకు పేరుపడినది. వేడికి పగులక, వెలుగు నడ్డగింపని అభ్రకపు రేకులను లాంతరులకును, దీపపు చిమ్నీలకును వాడెడివారు.

ఇపుడు కొవ్వొత్తి సంగతి. కొవ్వు, ఒత్తి యను రెండు మాటల కలయిక యిది. ఒత్తి సంస్కృతములోని 'వర్తి'. ఐరోపాలో మైనపువత్తులు దేవాలయములకును, ధనికులకును చెందినవి. సామాన్యుల యిండ్లలో వెలిగినవి పశువుల కొవ్వుతో చేసినవి. ఐరోపావారు వెలుగును చూచి పేరు పెట్టగా, మనవారు వెలుగుచున్న పదార్థమును చూచి పేరు పెట్టిరి. కారణ మూహింపవచ్చును. ఆముదము, కానుగ, నువ్వులనూనె ప్రమిదలలో వెలుగుచున్న దేశమునకు వెలుగు వింత కాదు. కొవ్వు మండుటయే వింత.

మన దేశమున పశువునకు దీపముతో సంబంధము లేకపోలేదు. ఆలయములలో అఖండదీపములకై ఆవులను, గొఱ్ఱెలను దానము చేసినట్లు ఆంధ్రదేశపు శాసనములు పెక్కులు చెప్పుచున్నవి. వాని పాలనుండి వచ్చిన నేయియే దీపమునకు ఆధారము. మంద తఱుగకుండ కాపాడుట గ్రహించినవాని బాధ్యత. కనుకనే తమిళ శాసనములు ఆ గొఱ్ఱెలను చావనివి, ముదియనివి యని వర్ణించినవి. అచ్చట పశువు బ్రతికి దీపము నిలుపును; కొవ్వొత్తిలో చచ్చి వెలుగు నిచ్చును. ఆ భేదమును మన పూర్వులు ఒక్క మాటలో ఇమిడ్చిరి. తేనెపట్టునుండి తీసిన మైనముతో చేసినదానిని మాత్రము వేఱుగా మైనపువత్తి యనిరి.

అయితే వస్తువు మారినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ కొవ్వులపై చేసిన పరిశోధనల ఫలితముగా 1825లో స్టియరిను వత్తులకు పేటెంటు లభించినది. 1850లో జేమ్స్ యంగ్ పొందిన పేటెంటుతో పారఫిను మైనపు పరిశ్రమకు దారి యేర్పడినది. నేటి కొవ్వొత్తిలో సాధారణముగా కొవ్వు లేదు. పేరు మాత్రము నిలిచినది.

ఆంగ్లమునను ఇట్లే జరిగినది. 1860లో లండను గ్యాసు చట్టము వెలుగును కొలుచుటకు ఒక వత్తిని ప్రమాణము చేసినది. అది తిమింగిలపు తలనుండి తీసిన మైనముతో చేసినది. పౌనులో ఆరవవంతు తూగి, గంటకు 120 గ్రెయినులు కరగవలెను. 'కాండిల్ పవరు' అట్లు పుట్టినది. 1948లో అంతర్జాతీయ ప్రమాణమునకు లాటిను పేరైన 'కాండెలా' స్థిరపడినది. 1979లో దానిని కాంతితరంగపు లెక్కతో నిర్వచించిరి. అందును వత్తి లేదు, పేరున్నది.

వస్తువు గతించినను మాట సాక్ష్యము చెప్పును. కాని మాటయే గతించినచో చెప్పువారెవ్వరు? 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురింపగా, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశము రైతుల నోటి మాటలను భద్రపఱచినది. దీపపు సెమ్మె, కుంది, దివిటీ, బుడ్డి మొదలగు మాటలకును అట్టి శ్రద్ధ తగును. ఉదయగిరి, ఆత్మకూరు గ్రామములలో నూనెదీపపు రాత్రులను ఎఱిగిన వృద్ధులున్నారు. వారి నడిగి ఒక్కొక్క మాటను, దాని వాడుకతోకూడ, వ్రాసికొనుట విద్యార్థులు చేయదగిన పని. ఆ పనికి ధనము అక్కఱలేదు. ఆలస్యము మాత్రము తగదు.