మంచం ముందా, మందు ముందా?



మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ఈ మధ్య తరచుగా వింటున్నాం. ఒక్క 2019లోనే ప్రపంచం మొత్తం మీద సుమారు 12 లక్షల 70 వేల మంది నేరుగా ఈ కారణంగా మరణించారని శాస్త్రజ్ఞుల అంచనా. చేయవలసిన పనులు అనేకం. కొత్త మందులు కనిపెట్టాలి. ప్రయోగశాలలు పెంచాలి. డాక్టరు చీటీ లేని అమ్మకాలు ఆపాలి. ఆసుపత్రుల్లో శుభ్రత పాటించాలి. అన్నీ ఒక్కసారే చేయడానికి డబ్బూ చాలదు, మనుషులూ చాలరు. మరి ఏది ముందు? క్షయ విషయంలో ఇదే ప్రశ్నకు మద్రాసు నగరం ఒకప్పుడు జవాబు వెతికింది.

క్షయను తగ్గించిన మొదటి గొప్ప మందు స్ట్రెప్టోమైసిన్. దీనిని 1943లో అమెరికాలో కనుగొన్నారు. బ్రిటన్‌లో 55 మంది రోగులకు ఈ మందు ఇచ్చారు. మరో 52 మందికి విశ్రాంతి మాత్రమే ఇచ్చారు. ఆరు నెలల్లో మొదటి వారిలో నలుగురు, రెండో వారిలో 14 మంది చనిపోయారు. 1948లో ఈ ఫలితం చూసి లోకం సంతోషించింది. కాని ఐదేళ్లు గడిచేసరికి 55 మందిలో 32 మంది, 52 మందిలో 35 మంది పోయారు. తేడా దాదాపు చెరిగిపోయింది!

ఎందుకని? కోట్లాది క్రిముల్లో ఏ కొన్నో ఆ మందుకు పుట్టుకతోనే లొంగవు. మిగిలినవి చావగానే అవి పెచ్చు పెరుగుతాయి. రెండు మందులు కలిపి ఇస్తే, ఒకదానికి లొంగనిది రెండోదానికి లొంగుతుంది. ఇది మొదటి పాఠం.

ఇక మన దేశం సంగతి. రోగులు లక్షల్లో, శానిటోరియం మంచాలు వేలల్లో. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి చోట్ల మంచం దొరకడమే భాగ్యం. మరి ఉన్న డబ్బుతో మంచాలు పెంచాలా, మందులు ఇంటికి చేర్చాలా? దీన్ని తేల్చడానికి 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం వెలిసింది. నగరంలోని 193 మంది పేద రోగుల్లో కొందరిని ఇంట్లో, కొందరిని శానిటోరియంలో ఉంచి, అందరికీ ఏడాదిపాటు అవే రెండు మందులు ఇచ్చారు. 1959లో వెలువడిన ఫలితం చూడండి: ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారూ దాదాపు అంత బాగానే కోలుకున్నారు. ఇంట్లోవారికి జబ్బు అదనంగా అంటుకోలేదు.

అంటే మంచం కన్నా మందు ముందు. కాని అంతటితో సరిపోయిందా? లేదు. దగ్గు తగ్గగానే మాత్రలు మానేసేవారున్నారు. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, క్రిమి మొండికెత్తవచ్చు. అందుకే కేంద్రంవారు చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్షించేవారు. తరువాత వారానికి రెండుసార్లు సిబ్బంది కళ్లముందే మందు ఇచ్చే పద్ధతిని పరీక్షించి, 1964లో ఫలితాలు ప్రకటించారు. కళ్లముందు మందు మింగించే పద్ధతి 1997లో మొదలైన సవరించిన జాతీయ క్షయ కార్యక్రమానికి ఆయువుపట్టు అయింది.

అలాగని కొత్త మందులు అక్కరలేదని కాదు. రిఫాంపిసిన్ వచ్చాకే చికిత్స ఆరు నెలలకు తగ్గింది. అన్ని జబ్బులకూ ఇదే వరస అనీ కాదు. టైఫాయిడ్‌కు మంచినీళ్లు, టీకా ముందు. కాని ఉన్న మందును సరిగా, తెంపు లేకుండా, చివరిదాకా రోగికి చేర్చే ఏర్పాటు లేనిచోట కొత్త మందు తేవడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. స్ట్రెప్టోమైసిన్‌కు పట్టిన గతే దానికీ పడుతుంది.

తమిళనాట తరతరాలుగా స్థిరపడిన మనకు ఇది పరాయి చరిత్ర కాదు. చెన్నై చేట్‌పేటలో ఆ కేంద్రం నేడు జాతీయ క్షయ పరిశోధన సంస్థగా పనిచేస్తోంది. ఏ పథకానికి ముందు డబ్బివ్వాలన్న చర్చ వచ్చినప్పుడు మీరూ ఒక ప్రశ్న అడగండి: చివరి మాత్ర రోగి నోటికి చేరేదాకా బాధ్యత ఎవరిది? దానికి జవాబున్న పథకానిదే మొదటి వరస.