ప్రభుత్వ పాఠశాల వీడ్కోలు సభలో మతవిశ్వాసం: కోనసీమ

కోనసీమలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పబ్లిక్ పరీక్షలకు ముందు జరిగే పదో తరగతి వీడ్కోలు సభలో మతవిశ్వాసం పలు రూపాల్లో వ్యక్తమవుతుంది. సరస్వతీ పూజ, జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, హాల్‌టికెట్‌కు పసుపు కుంకుమ, మైకు ముందు నిలబడి దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే విద్యార్థి ప్రసంగం, ఇవన్నీ ఆ రూపాలే. గౌను, టోపీ వేసుకుని పట్టా అందుకునే ఉత్సవం ఇక్కడి ప్రభుత్వ హైస్కూళ్ళ సంప్రదాయంలో లేదు. తొమ్మిదో తరగతి పిల్లలు చందాలు వేసుకుని పెద్ద తరగతివాళ్ళకు చేసే ఈ ఫేర్‌వెల్ పార్టీయే దానికి దగ్గరి వేడుక.

కోనసీమ సామాజిక స్వరూపం తెలియకపోతే ఈ విషయం అర్థం కాదు. గోదావరి పాయల మధ్య ఉన్న ఈ ప్రాంతం 2022లో తూర్పు గోదావరి నుంచి వేరుపడి జిల్లా అయింది. అదే ఏడాది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా పేరు మారింది. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం శాసనసభ స్థానాలు మూడూ షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయ్యాయి. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి, అయినవిల్లి విఘ్నేశ్వరుడు, అప్పనపల్లి బాలబాలాజీ, వాడపల్లి వెంకటేశ్వరస్వామి ఆలయాలున్న నేల ఇది. 1836లో నరసాపురం కేంద్రంగా మొదలైన గోదావరి డెల్టా మిషన్ ప్రభావం నుంచి వచ్చిన క్రైస్తవ సంఘాలు కూడా ఇక్కడి దళిత పేటల్లో తరాలుగా ఉన్నాయి. ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. ఊళ్ళోని పిల్లలు, పేట పిల్లలు, లంకల నుంచి వచ్చే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే చోటు జిల్లా పరిషత్ హైస్కూలు.

ఆ బెంచీ మీద ఎవరి విశ్వాసం ఏమిటో అడ్మిషన్ రిజిస్టరు చూసి చెప్పడం కష్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే దక్కింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది గానీ క్రైస్తవులకు వర్తించలేదు. ఈ కారణంగా కాగితం మీద రాసి ఉన్న మతమూ ఇంట్లో జరిగే ప్రార్థనా ఒకటే కావాలని లేదు. ‘మా బడిలో అందరూ హిందువులే, పూజకు అభ్యంతరం ఎవరికుంటుంది’ అన్న లెక్క ఇక్కడ తరచూ తప్పవుతుంది.

చాలాచోట్ల సభ ఒకే క్రమంలో సాగుతుంది. బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, సరస్వతి పటానికి బంతిపూల దండ వేసి, పక్కన దీపపు సెమ్మె పెడతారు. ప్రధానోపాధ్యాయుడు మొదటి వత్తి వెలిగిస్తే అతిథులు మిగతావి వెలిగిస్తారు. ఆడపిల్లలు ప్రార్థనా గీతం పాడతారు. ఉపన్యాసాల తర్వాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి హాల్‌టికెట్, పెన్ను, పరీక్ష అట్ట చేతికిస్తారు. కొందరు పిల్లలు వంగి మాస్టారి కాళ్ళకు దండం పెడతారు. బొట్టు పెట్టబోతే కొందరు తల వెనక్కి తీసుకుంటారు, మరికొందరు పెట్టించుకుని మెట్లు దిగాక చేతిరుమాలుతో తుడుచుకుంటారు. అంత చిన్న కదలిక మీద పిల్లవాడి మనస్సాక్షి ఆధారపడి ఉంటుంది కాబట్టే ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

సభ బయట విశ్వాసానికి ఏ అడ్డూ లేదు. అయినవిల్లి సిద్ధి వినాయక ఆలయంలో పరీక్షల కాలానికి ముందు లక్ష కలాలతో స్వామికి పూజ చేసి, ఆ పెన్నులను విద్యార్థులకు పంచుతారు. అమలాపురం, కొత్తపేట, రాజోలు వైపు నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. చర్చిల్లో పరీక్ష రాసే పిల్లల కోసం ప్రత్యేక ప్రార్థన కూడికలు పెట్టి, పాస్టరుగారు ఒక్కొక్కరి తల మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు. మసీదుల్లో దువా చేస్తారు. ఇవి కుటుంబాలు కోరి వెళ్ళే చోట్లు. అక్కడికి వెళ్ళనంత మాత్రాన ఏ విద్యార్థీ తన బడిలో వెలితి పడడు.

బడి వేదిక మీద అదే పని జరిగితే రాజ్యాంగం అడ్డొస్తుంది. 25వ అధికరణం శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యాలకు లోబడి ప్రతి వ్యక్తికీ తన మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది. 28(1) పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధను నిషేధించింది. మతబోధ జరగాలన్న షరతుతో దాతలు, ట్రస్టులు స్థాపించి, తర్వాత ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చిన సంస్థలకు 28(2) మినహాయింపు ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు లేదా ఎయిడ్ ఉన్న సంస్థల్లో మతబోధకు గానీ ఆరాధనకు గానీ సమ్మతి లేకుండా ఎవరినీ హాజరుపరచరాదని 28(3) చెబుతుంది. మైనరు విషయంలో ఆ సమ్మతి సంరక్షకుడు ఇవ్వాలి. ఈ నిబంధనల ముసాయిదా మీద 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో చర్చ జరిగినప్పుడు అంబేద్కర్ మతబోధ నిషేధాన్ని సమర్థించారు. ఇన్ని మతాలున్న దేశంలో ప్రభుత్వ బడి అన్నిటినీ బోధించలేదని, ఏ మతానికి ఆ మతం తన దారే మోక్షమార్గమని చెబుతుందని ఆయన వాదన. ఆయన పేరున్న జిల్లాలోని పాఠశాలలకు ఆ వాదన నేటికీ సరిగ్గా సరిపోతుంది.

ఇంతకీ ప్రార్థనా గీతం ‘మతబోధ’ కిందికి వస్తుందా? ఇక్కడ చట్టం ఇంకా తేలలేదు. మతాల గురించి చదువు చెప్పడం వేరు, ఒక మతాన్ని నూరిపోయడం వేరు అన్న తేడాను సుప్రీంకోర్టు 1971లో డి.ఎ.వి. కళాశాల కేసులోనూ, 2002లో అరుణా రాయ్ కేసులోనూ గుర్తించింది. కేంద్రీయ విద్యాలయాల ఉదయపు ప్రార్థనలో ఉపనిషత్తు శ్లోకాలు ఉండడాన్ని సవాలు చేసిన పిటిషన్‌ను 2019 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం విస్తృత ధర్మాసనానికి నివేదించింది. దీపం వెలిగించడం మతక్రియా, మర్యాదా అన్న ప్రశ్నకూ ఊరూరా వేర్వేరు జవాబులే వినిపిస్తాయి.

బలవంతం విషయంలో మాత్రం దారి స్పష్టంగా ఉంది. కేరళలో యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా నిలబడి, విశ్వాసం ఒప్పుకోనందున పాడకుండా ఊరుకున్నారు. 1985లో వాళ్ళను బడి నుంచి పంపేశారు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. ధర్మాసనానికి నేతృత్వం వహించిన ఓ. చిన్నపరెడ్డి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన న్యాయమూర్తి. జాతీయగీతం దగ్గరే మౌనానికి రక్షణ ఉన్నప్పుడు, సరస్వతి ప్రార్థన దగ్గర చేతులు జోడించని పిల్లవాణ్ణి మందలించే హక్కు ఏ ఉపాధ్యాయుడికీ లేదు.

అమెరికా న్యాయస్థానం ఈ మౌనాన్నే మరోవైపు నుంచి చూసింది. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో ఒక ప్రభుత్వ పాఠశాల పట్టాల సభలో యూదు మతగురువు చేత ప్రార్థన చేయించడం మీద లీ వర్సెస్ వైస్‌మన్ కేసు నడిచింది. 1992లో 5-4 మెజారిటీతో సుప్రీంకోర్టు ఆ ప్రార్థన చెల్లదన్నది. అందరూ లేచి నిలబడినప్పుడు ఊరకే నిలబడ్డ విద్యార్థి కూడా ప్రార్థనలో పాల్గొన్నట్టే కనిపిస్తాడని, జీవితంలో ఒక్కసారి వచ్చే సభను మానుకోమనడం న్యాయం కాదని దాని తర్కం. మార్కుల ఆధారంగా ఎంపికైన విద్యార్థి, పాఠశాల జోక్యం లేకుండా తానే రాసుకున్న ప్రసంగంలో దేవుణ్ణి తలుచుకుంటే అది అతని సొంత మాటగానే చెల్లుతుందని అక్కడి విద్యాశాఖ మార్గదర్శకాలు చెబుతాయి. తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడి ప్రభుత్వ పాఠశాలల సభల్లో మాట్లాడేటప్పుడు వర్తించేదీ ఈ సూత్రమే.

ఈ గీటురాయి కోనసీమకూ పనికొస్తుంది. మాట్లాడుతున్నది విద్యార్థా, పాఠశాలా అన్నది మొదట చూడాలి. ‘ఏసయ్య దయవల్ల చదువుకున్నాను’ అని ఒక అమ్మాయి అన్నా, ‘వినాయకుడి పెన్నుతో రాస్తాను’ అని ఒక అబ్బాయి అన్నా అవి వాళ్ళ హక్కులో భాగం. వాటిని సెన్సారు చేయడం లౌకికత్వం కాదు. ప్రధానోపాధ్యాయుడు ఆ హోదాలో అందరినీ నిలబెట్టి ఒక దేవుడికి దండం పెట్టించినా, పాస్టరును పిలిపించి అందరి చేతా కళ్ళు మూయించినా అది ప్రభుత్వం చేసిన ఆరాధన అవుతుంది.

దీనికి మధ్యే మార్గం కొత్తగా కనిపెట్టనక్కర లేదు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ నేతృత్వంలోని విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ 1948-49లోనే, విద్యాసంస్థలు రోజువారీ పనిని కొద్ది నిమిషాల మౌన ధ్యానంతో మొదలుపెట్టాలని సూచించింది. ఏ దేవుణ్ణి తలుచుకోవాలో, అసలు తలుచుకోవాలో వద్దో ఆ మౌనంలో విద్యార్థే నిర్ణయించుకుంటాడు. వీడ్కోలు సభ జరిపే ప్రధానోపాధ్యాయులు ఈ సూచన పాటించి, హాల్‌టికెట్ చేతికిచ్చే ముందు బొట్టు పెట్టించుకుంటావా అని పిల్లవాణ్ణి ఒక్క మాట అడిగితే చాలు.