మన బస్తీల మోరీల తారీఖ్

ఉర్దూలో చరిత్రను తారీఖ్ అంటారు. బడిలో ఆ పాఠం చెప్పేటప్పుడు నవాబుల ముచ్చట్లు, యుద్ధాల ముచ్చట్లే ఎక్కువ వస్తాయి. ఇంట్లో వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయన్నది ఏ పాఠంలోనూ ఉండదు. కాని మన ఉప్పల్, నాచారం బస్తీల్లో బావులు చెడిపోయింది ఆ నీళ్ల వల్లనే. అందుకని ఈ సంచికలో దాన్ని గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పట్నాన్ని ముంచింది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వరదను ఆపే చెరువులతో పాటు భూమిలోపలి మురుగు కాల్వలు కూడా ఆయన సూచించినవే. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారైనాయి. కాల్వలు మాత్రం 1931 నాటికి గాని రాలేదు. అవి సుమారు 54 చదరపు కిలోమీటర్లకు, 5 లక్షల జనానికి వేసిన లెక్క. ఉప్పల్, నాచారం అప్పుడు పట్నం వెలుపలి పల్లెలు. ఆ లెక్కలో మనం లేము.

ఉప్పల్ కలాన్ అని కాగితాల్లో ఉంటుంది కదా, కలాన్ అంటే పెద్దది. పేరుకు పెద్ద ఊరే గాని మోరీ అంటే వాన నీళ్లు పోయే కాల్వ ఒక్కటే. జనం చేలల్లోకి పోయేవారు. పట్నంలో కొందరి ఇళ్లల్లో పొడి పాయఖానాలుండేవి, వాటిని సాటి మనుషులే గంపలతో ఎత్తిపోసేవారు. తలుచుకుంటే సిగ్గు వేస్తుంది. దాన్ని నిషేధిస్తూ చట్టం 1993లో గాని రాలేదు.

తరువాత మన దిక్కు కార్ఖానాలు వచ్చాయి. జిల్లాల నుంచి జనం వచ్చి నూరు గజాలు, నూటయిరవై గజాలు కొనుక్కుని ఇల్లు కట్టారు. ఒక మూల బావి, ఇంకో మూల సెప్టిక్ ట్యాంకు గుంట. ట్యాంకు పని ఏమిటంటే, బరువైనది అడుగున చేరుతుంది, జిడ్డు పైన తేలుతుంది, నడుమ నీరు పక్కనున్న ఇంకుడు గుంటలోకి పోతుంది. ఆ ఇంకుడు గుంట తాగునీటి బావికి 18 మీటర్లు, అంటే సుమారు 60 అడుగుల దూరం ఉండాలని భారత ప్రమాణం. నూరు గజాల జాగా అంటే 900 చదరపు అడుగులు. ముప్పై అడుగులకు ముప్పై అనుకోండి, ఈ మూల నుంచి ఆ మూలకు కొలిచినా 43 అడుగులు దాటదు! పాటించడానికి వీలే లేని కాయిదా అది. పైగా మన నేల కింద నల్లరాయి. మన్ను పల్చన, నీరు ఇంకదు. రాతి పగుళ్లు పట్టుకుని పక్కింటి బావిలో తేలుతుంది, లేదా గుంట పొంగి గల్లీలోకి వస్తుంది, అక్కడి నుంచి చెరువుకు.

జలమండలి 1989లో ఏర్పడింది. ఉప్పల్ కలాన్ మునిసిపాలిటీ 2007లో గ్రేటర్‌లో కలిసింది. శివారు మురుగు కాల్వల బాధ్యత 2021లో జలమండలికి వచ్చింది. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్లు, నాగోల్‌లో 172, మన నల్లచెరువు దగ్గర 30 శుద్ధిచేసే కేంద్రాలు కట్టారు. కేంద్రం ఉన్నా ఇంటి పైపు అక్కడిదాకా చేరాలి కదా. చేరని ఇళ్లకు ట్యాంకరే గతి.

ఆ ట్యాంకరు వచ్చినప్పుడు ఒకటి చూసుకోండి. పైపుతో లాగించండి, మనిషిని మాత్రం దింపవద్దు. రక్షణ లేకుండా ట్యాంకులోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. లోపలి గాలి రెండు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. అలా చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది.

రెండు మూడేళ్లకు ఒకసారి గుంట తీయించాలంటారు. మా ఇంట్లో ఇరవై ఏళ్లు తీయించలేదు. మూత ఎక్కడుందో నాన్నగారికి ఒక్కరికే తెలుసు, ఆయన పోయారు. దానిమీద మేమే వంటగది కట్టుకున్నాము. పోయిన ఏడు గచ్చు మూడు చోట్ల పగలగొడితే, చివరికి పొయ్యి గట్టు కింద దొరికింది.