గ్యాసునూనె చుక్క: ఉప్పల్, నాచారం బ్యాండోళ్ల పని చరిత్రకు ఒక పీఠిక

డప్పు గురించి మనం చాలా రాసుకున్నాం, ఇంకా రాసుకుంటాం. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పట్నించీ 'దండోరా' అనే మాటే ఉద్యమానికి పేరైంది. వెట్టికి కొట్టిన వాద్యం ధిక్కారానికి గుర్తయింది. కానీ అవే వాడల్లోంచి, చాలాసార్లు అవే ఇళ్లల్లోంచి వచ్చిన ఇత్తడి బ్యాండు గురించి మన దగ్గర రాత లేదు. శాస్త్రీయం కాదు గనుక సంగీత చరిత్రకారులకు పట్టలేదు. జానపదం కాదు గనుక జానపద పరిశోధకులకు పట్టలేదు. ఫ్యాక్టరీ గేటు లేదు గనుక కార్మిక చరిత్రకారులకూ పట్టలేదు. బ్యాండోడు ఈ మూడు గదుల బయటే నిలబడ్డాడు, పెండ్లి పందిరి బయట నిలబడ్డట్టే.

ఆ చరిత్రలోకి పోవటానికి ఒక చిన్న వస్తువును పట్టుకుందాం. బాజా వాల్వులో వేసే నూనె. దాన్ని ఎవరు ఎంచుతారు, ఎక్కడ కొంటారు, పైసలు ఎవరివి? ఈ ప్రశ్నలు అడిగితే పనివాడు, యజమాని, కులం అన్నీ బయటపడతాయి.

నిప్పు, నూనె

డప్పుకు నూనె అక్కర్లేదు, నిప్పు కావాలి. ఇంత గడ్డి మంటేసి కాస్తే తోలు బిగుస్తుంది, గొంతు లేస్తుంది. తోలు మనదే, దాన్ని ఊనిన సున్నమూ తంగేడు చెక్కా మనవే, చెక్క పలకా ఊళ్లోదే. బజారుతో పనిలేదు. అయితే కొట్టనని చెప్పే హక్కు కూడా లేదు. సావుకూ జాతరకూ పిలుపు వస్తే పోవాల్సిందే. ఇచ్చేది కళ్లంలో నాలుగు గింజలు. సన్నాయి మేళంలోని డోలుకూ తోలే ఉంది గదా? అది మంగళవాద్యమై గుడిలోకి పోయింది, డప్పు వాడలో ఉండిపోయింది. అంటే తోలు అంటరానిది కాలేదు, తోలు ఊనిన చెయ్యి అంటరానిదైంది.

బ్యాండు కథ వేరు. ఇత్తడి వాడలో పుట్టదు, కొనాలి. బ్యాండుకు బయానా ఉంటుంది, రేటు ఉంటుంది, తేదీ ఉంటుంది. కుదరకపోతే రానని చెప్పొచ్చు. వెట్టి నుంచి కూలికి జరిగిన ఈ మార్పు చిన్నది కాదు. డప్పును వదిలెయ్యాలన్న వాదమూ, తలెత్తుకుని కొట్టాలన్న వాదమూ మనకు తెలుసు. చదువూ పత్రికా లేని ఎందరో ఈ రెంటికీ మధ్య మూడో దారి పట్టారు, ట్రంపెట్ చేతపట్టారు. ఈ పనిలో దళితులతో పాటు ముస్లింలూ ఇతర పేద కులాలవాళ్లూ ఉన్నారు. జరీ అంచు కోటు తొడిగినా అన్నం మాత్రం ఆఖరి బంతిలోనే. దారి తెరుచుకుంది గానీ పందిరి తెరుచుకోలేదు.

వాల్వు ఎక్కణ్ణించి వచ్చింది

పాత ట్రంపెట్ ఒకటే గొట్టం. పెదవుల బిగువుతో కొన్ని స్వరాలే పలికేవి. 1814 ప్రాంతంలో జర్మనీలో హైన్‌రిఖ్ ష్టోల్జెల్ వాల్వు తయారుచేశాడు. 1818లో ఆయనా బ్లూమెల్ కలిసి పేటెంట్ తీసుకున్నారు. 1839లో పారిస్‌లో పెరినే దాన్ని మెరుగుపరిచాడు. ఈనాటి మన బ్యాండోళ్ల బాజాల్లో ఆడే పిస్టన్ ఆ రకానిదే. దాంతో ఇత్తడి వాద్యం ఏ పాటైనా పలకగలిగింది. దండు కవాతుకు అది బాగా పనికొచ్చింది.

దండుతోనే అది మన దేశానికొచ్చింది. నిజాం 1798లో ఇంగ్లీషు కంపెనీతో సైనిక ఒప్పందం చేసుకున్నాక హుసేన్ సాగర్ ఉత్తరాన దండు దిగింది. 1806లో ఆ చోటుకు సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. కంటోన్మెంట్ ఉన్నచోట బ్యాండు ఉంటుంది, బ్యాండు ఉన్నచోట నేర్చుకునే చెవులుంటాయి. ఉత్తరాదిన మీరట్ కంటోన్మెంట్ పక్కన వాద్యాల తయారీ మొదలైంది. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885లో పుట్టింది. దేశంలో పెండ్లి బ్యాండ్ల ఇత్తడికి మీరట్ పెద్ద పుట్టిల్లు. పెండ్లి బ్యాండ్ల మీద గ్రెగరీ బూత్ 'బ్రాస్ బాజా' అనే పుస్తకం 2005లో తెచ్చాడు. అంత పని మన భాషలో మనవాళ్లు ఇంకా చెయ్యలేదు.

ఏ నూనె, ఎందుకు

వాల్వు అంటే ఒక గొట్టంలో పైకీ కిందికీ ఆడే ఇంకో గొట్టం. మీట నొక్కితే గాలి అదనపు గొట్టంలోంచి తిరిగివచ్చి స్వరం దిగుతుంది. రెండో వాల్వు అర స్వరం దించుతుంది, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర. లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య సందు వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ సందులోకి ఊపిరి తడి పోతుంది, ఉమ్మి పోతుంది. ఊరేగింపు దుమ్ము, గులాలు, పటాకుల పొగ పోతాయి. బరాత్ నడుమ వాల్వు ఇరుక్కుంటే పాట ఆగుతుంది, మాటలు పడేది ఊదేటోడికే.

నూనె చేసే పని రెండు రకాలు. గొట్టం జారేట్టు చేస్తుంది, సందులోంచి గాలి పోకుండా మూస్తుంది. అందుకే కొత్త, బిగుతు వాల్వుకు పల్చటి నూనె కావాలి. అరిగిన వాల్వుకు కొంచెం చిక్కటిది కావాలి. చౌకలో దొరికేది గ్యాసునూనె. పల్చన, మురికిని కడుగుతుంది. అమ్మకానికొచ్చే వాల్వు ఆయిళ్లలో చాలావాటికి మూలమూ శుద్ధిచేసిన ఇలాంటి పెట్రోలియం నూనే. కానీ గ్యాసునూనె త్వరగా ఆరిపోతుంది. ఆరినాక ఇనుప పనిముట్టు లాగే రాసుకుని వాల్వు అరుగుతుంది. పైగా దాని వాసన నోటి ముందే ఉంటుంది, ఆవిరి ఊపిరితో లోపలికి పోతుంది. పటాకుల పక్కన నిప్పు భయం కూడా ఉంది.

కుట్టు మిషన్ నూనె నిలుస్తుంది గానీ చలికాలం రాత్రి మందగిస్తుంది. రెంటినీ కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. కొబ్బరి నూనె అసలు వెయ్యకూడదు. ఇరవై నాలుగు డిగ్రీల కింద అది పేరుకుంటుంది, మాఘమాసం లగ్గాల్లో వాల్వు బిగుసుకుపోతుంది, పాతబడితే బంకగా మారుతుంది. వాజిలీన్ లాంటి జిడ్డు పక్క స్లయిడ్లకే, వాల్వుకు కాదు. వేసే ముందు గోరువెచ్చని నీళ్లూ సబ్బుతో కడిగి, పోగులు రాలని పాత ధోతి గుడ్డతో తుడవాలి. మూడు నాలుగు చుక్కలు చాలు. ఒకటి, రెండు, మూడు నెంబర్లు చూసి దేని గూట్లో దాన్నే పెట్టాలి.

ఇదంతా పుస్తకంలో చదివి నేర్చింది కాదు, చేత్తో నేర్చిన విద్య. చిక్కదనం, ఉష్ణం, అరుగుదల లెక్కలు కాలేజీ లాబులో ఉంటే సైన్సు అంటాం. బ్యాండోడి చేతిలో ఉంటే ఆ మాట ఎవరూ అనరు.

షెడ్డు, సీజను

ఉప్పల్, నాచారం ఒకప్పుడు పొలాల ఊళ్లు. 1961లో ఎన్‌జీఆర్ఐ, 1967లో కుషాయిగూడ వైపు ఈసీఐఎల్ వచ్చాయి. ఉప్పల్, నాచారం రెండుచోట్లా పారిశ్రామికవాడలు లేచాయి. వరంగల్ రోడ్డు మీదుగా పనికొచ్చిన కుటుంబాలు ఇక్కడే నిలిచాయి. 2007లో ఉప్పల్ కలాన్ మునిసిపాలిటీ మహానగరంలో కలిసింది, 2017లో మెట్రో వచ్చింది. బ్యాండు పని ఏడాదంతా ఉండదు. లగ్గాలు, బోనాలు, గణపతి. మూఢం వస్తే కూలిపనే దిక్కు. అందువల్ల బ్యాండోణ్ణి ఒక వృత్తిలో బిగించి చూస్తే సగమే కనబడతాడు.

నూనె దొరికే చోట్లు కూడా ఈ బతుకు దారినే ఉన్నాయి. కుట్టు మిషన్ నూనె గల్లీ దుకాణంలో దొరుకుతుంది. నీలిరంగు కలిపిన రేషన్ గ్యాసునూనె ఒకప్పుడు ఇంట్లోనే ఉండేది. బరాత్‌లో ముందు నెత్తిన పెట్రోమాక్స్ మోసేటోళ్లు, వెనక బాజా ఊదేటోళ్లు, రెండిట్లోనూ మండీ తడిసీ పనిచేసింది ఒకే నూనె. వంటగ్యాసు పెరిగి రేషన్ కోటా తగ్గాక ఆ చవక పోయింది. కంపెనీ వాల్వు ఆయిలు కావాలంటే ఆబిడ్స్, సికింద్రాబాద్ వాద్యాల దుకాణాలకు పోవాలి. యాభై అరవై మిల్లీలీటర్ల సీసాకు కొన్ని వందలు పెట్టాలి.

ఖర్చు ఎవరిది

చాలాచోట్ల బాజా యజమానిది, ఊపిరి కూలోడిది. నూనె ఎవరిదో ఒప్పందంలో రాయరు. కూలోడు చవక నూనె వేస్తే వాల్వు అరుగుతుంది, అరిగిందని మాటపడేది అతనే. ఊపిరితిత్తుల్లోకి పోయేదానికి లెక్కే లేదు. బట్టల మిల్లులో ధూళిని కార్మిక సమస్య అంటాం, బాజాలో ఆవిరిని ఏమనాలి?

ఆంధ్రప్రదేశ్ పింఛన్ల జాబితాలో డప్పు కళాకారులూ చర్మకారులూ ఉన్నారు, 2024 నుంచి వాళ్లకు నెలకు 4,000 రూపాయలు. తెలంగాణ ఆసరాలో చేనేత, గీత, బీడీ కార్మికులున్నారు. బ్యాండోడు రెండుచోట్లా లేడు. డప్పుకు దక్కిన గుర్తింపు పోరాటంతో వచ్చింది, ప్రభుత్వాల దయతో రాలేదు. బ్యాండోడికీ అదే దారి. ఒప్పందంలో నూనె, మరమ్మతు ఖర్చు యజమాని మీద ఉండాలి. వాద్యకారుడిగా గుర్తింపు కార్డు ఉండాలి. ముసలితనంలో పింఛను ఉండాలి.

విద్యార్థులకు ఒక పని చెప్తాం. మీ వాడలో బాజా పట్టిన పెద్దమనిషి ఉంటే పోయి అడగండి. ఎవరి దగ్గర నేర్చిండు, మొదటి బాజా ఎంతకు కొన్నడు, ఏ నూనె వేసిండు, ఎవరి పైసలతో వేసిండు. రాసి పెట్టండి. మన చరిత్రకు ఆధారాలు లేవని అనేటోళ్లకు ఆ కాగితాలు చూపిద్దాం.