ఇంటికి ముందు ఇరుగుపొరుగు: ఎర్రగడ్డ చరిత్రపై ఒక పరిశీలన

ఇల్లు కట్టుకొనదలచినవాడు ముందుగా ఆ ఇంటి పరిసరాలను చూస్తాడు. గాలి, వెలుతురు, మంచినీరు, రాకపోకలకు బాట, పిల్లలకు బడి, నమాజుకు మసీదు అతడు కోరుకొనే వసతులు. ఇవన్నీ ఎన్నదగినవే. అయితే ఇస్లామీయ సంప్రదాయం వీటికి ముందు మరొక ప్రశ్నను ఉంచింది: పొరుగున ఉండేది ఎవరు? ఇంటికంటె ముందు పొరుగును చూచుకొమ్మని అరబ్బులలో ఒక సామెత ఉన్నది. తహ్రీమ్ సూరాలో ఫిరౌన్ భార్య చేసిన ప్రార్థనను వివరిస్తూ వ్యాఖ్యాతలు ఇదే విషయాన్ని ఎత్తిచూపారు. ఆమె స్వర్గంలో ఇంటిని కోరింది. కాని అల్లాహ్ సాన్నిధ్యాన్ని ముందు పేర్కొని, ఇంటిని ఆ తరువాత పేర్కొన్నది.

ఈ ప్రశ్నకు హైదరాబాదు నగరం వేర్వేరు కాలాలలో వేర్వేరు సమాధానాలు ఇచ్చింది. ఎర్రగడ్డ అనే పేరు చరిత్రలో ఆ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది.

ఖైరతాబాదు నుండి పంజాగుట్టకు పోయే బాట పక్కన ఒక చిన్న గుట్ట ఉన్నది. ఎర్రమట్టి నేల కావడంవల్ల స్థానికులు దానిని ఎర్రగడ్డ అనేవారు. నిజాం ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసిన నవాబు ఫఖ్రుల్ ముల్క్ ఆ గుట్టపై విశాలమైన సౌధాన్ని నిర్మించాడు. పాతనగరపు ఇరుకు వీధులకు దూరంగా, ఎత్తయిన చోట, ధారాళమైన గాలి వీచే స్థలం అది. సౌధంలో నూటయాభైకి పైగా గదులు ఉండేవనీ, వెలుపల గుర్రపుశాలలు, పోలో మైదానం, గోల్ఫ్ మైదానం ఉండేవనీ చెప్పుతారు. సౌధానికి పెట్టిన పేరు ఇర్రం మంజిల్. తెలుగువాని చెవికి అది ఎర్రగడ్డలోని 'ఎర్ర'గా వినిపించింది. పారసీ తెలిసినవానికి అది స్వర్గతుల్యమైన ఉద్యానవనం 'ఇరం'గా తోచింది. రెండు భాషలు ఒకే పేరులో కలిసిన అరుదైన సందర్భమిది.

అయితే దివ్య ఖుర్ఆన్‌లో ఇరం ప్రస్తావన వేరొక సందర్భంలో వస్తుంది. ఫజ్ర్ సూరాలో అది ఎత్తయిన స్తంభాలు గల ఆద్ జాతివారి ఇరం. సాటిలేని కట్టడాలు నిర్మించి, గర్వించి, నశించినవారికి అది ఉదాహరణ. కవులు దానిని తోటగా వర్ణించారు, ఖుర్ఆన్ దానిని హెచ్చరికగా నిలిపింది. ఇర్రం మంజిల్ సైతం కాలక్రమాన ప్రభుత్వ కార్యాలయంగా మారింది. 2019 జూన్‌లో దానిని కూల్చి శాసనసభా భవనం కట్టాలని తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించింది. అదే సంవత్సరం సెప్టెంబరు 16న రాష్ట్ర హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

నేడు ఎర్రగడ్డ అంటే జనులకు స్ఫురించేది ఆ గుట్ట కాదు. అక్కడినుండి పడమరగా అమీర్‌పేట, సంజీవరెడ్డినగర్ దాటిన తరువాత బొంబాయి రహదారిపై వచ్చే పేట అది. మెట్రో రైలు మార్గంలో ఇర్రం మంజిల్, ఎర్రగడ్డ స్టేషన్ల మధ్య నాలుగు స్టేషన్లు ఉన్నాయి. ఈ రెండవ ఎర్రగడ్డలోనూ అదే నవాబు కట్టించిన సౌధం ఒకటి ఉన్నది. దానిపేరు ఇర్రం నుమా. ఏడవ నిజాం దానిని కొనగా, అది క్షయరోగుల ఆసుపత్రి అయినది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడేవరకు క్షయకు సరియైన మందు లేదు. స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, మంచి ఆహారమే చికిత్స. నవాబులు విహారానికి ఏ గాలిని కోరుకున్నారో, ఆ గాలియే రోగికి ఔషధమయింది. 1953లో మానసిక చికిత్సాలయం కూడ జాల్నా నుండి ఎర్రగడ్డకు తరలివచ్చింది.

ఆనాడు అది ఊరి వెలుపలి ప్రదేశం. రోగులను జనావాసాలకు దూరంగా ఉంచాలన్న ఆలోచన కూడ ఆ ఎంపికలో లేకపోలేదు. తరువాత ఊరే వారి దగ్గరకు వచ్చింది. సనత్‌నగర్‌లో కర్మాగారాలు వెలశాయి, చుట్టూ కాలనీలు పెరిగాయి, నేల ధర హెచ్చింది. ఆసుపత్రికి పొరుగున ఇల్లు కొన్నవారే ఆసుపత్రిని దోషంగా చూడనారంభించారు. నగరవాసుల వాడుకలో 'ఎర్రగడ్డ' అనే పేరు మతిస్థిమితం లేనివారిని వెక్కిరించే మాటగా మారింది. 2015 జనవరిలో ఛాతీ ఆసుపత్రిని వికారాబాదు వద్దగల అనంతగిరికి తరలించి, ఆ స్థలంలో సచివాలయం కట్టాలని రాష్ట్ర మంత్రివర్గం తలపెట్టింది. వ్యతిరేకత వచ్చినందున అది అమలు కాలేదు.

ఇదే హైదరాబాదు పుట్టిననాడు రోగికి లభించిన స్థానం వేరు. 1591లో నగరాన్ని స్థాపించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో దారుష్షిఫాను చార్మినారుకు అనతిదూరంలో, నగర మధ్యంలోనే నిర్మించాడు. అక్కడ యూనానీ వైద్యం చేసేవారు, నేర్పేవారు కూడ. దమస్కులో నూరుద్దీన్ 1154లో స్థాపించిన చికిత్సాలయం నగర ప్రాకారాల లోపలనే ఉన్నది. కైరోలో సుల్తాన్ కలావూన్ 1284లో కట్టించినది రాజమార్గం మీదనే ఉన్నది. అక్కడ పేద, ధనిక, స్త్రీ, పురుష భేదం లేకుండ చికిత్స జరిగేది. మతిచలించినవారికి కూడ అక్కడ చోటు ఉండేది. వీటన్నిటికి పూర్వమే మదీనాలో ఒక ఆదర్శం నెలకొన్నది. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) కొరకు దైవప్రవక్త (స) మసీదు ఆవరణలోనే గుడారం వేయించారు. దగ్గరనుండి పరామర్శించడానికి వీలుగా అలా చేశారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

పొరుగు విలువను ధర్మశాస్త్రం కూడ గుర్తించింది. ఇల్లు అమ్మకానికి వచ్చినపుడు, అదే ధరకు ముందుగా కొనే హక్కును 'షుఫా' అంటారు. ఇతర పండితులు దీనిని ఆస్తిలో భాగస్వామికే పరిమితం చేయగా, హనఫీ పండితులు బాట, నీరు ఉమ్మడిగా వాడుకొనేవారికి, ఆపైన ఆనుకొని ఉన్న పొరుగువారికి కూడ వర్తింపజేశారు. కొత్తగా వచ్చేవారివలన కలుగగల హానిని నివారించడం దీని ఉద్దేశం. కాని హానిని తొలగించడానికి ఏర్పడిన హక్కు అన్యులను వెలివేసే సాధనం కూడ కాగలదు. పొరుగువాడైనంత మాత్రాన లభించే ఈ హక్కు రాజ్యాంగానికి విరుద్ధమని 1950ల తొలి సంవత్సరాలలో హైదరాబాదు హైకోర్టు, 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాయి. వేరు మతంవారిని, వేరు కులంవారిని పేటలోనికి రానీయకుండడానికి ఇది తోడ్పడుతుందని సుప్రీంకోర్టు భావించింది. ఇల్లు అద్దెకు అడిగి, పేరు చెప్పగానే కాదనిపించుకున్న ముస్లిముకు ఆ మాటలోని సత్యం వేరుగా వివరింపనక్కరలేదు. అదే ముస్లిము తన వీధిలోనికి వచ్చే మరొకరిని కాదనకుండడమే అతని న్యాయబుద్ధికి పరీక్ష.

నిసా సూరా బంధువైన పొరుగువానితో పాటు పరాయివాడైన పొరుగువానికి కూడ మేలుచేయమని ఆదేశిస్తున్నది. పొరుగువారి హక్కును గూర్చి జిబ్రీల్ (అలై) ఎంతగానో నొక్కిచెప్పగా, వారికి వారసత్వంలోనూ భాగం కల్పిస్తారేమోనని దైవప్రవక్త (స)కు అనిపించిందని హదీసు ఉన్నది. ఈ ఆదేశాలలో పొరుగువాడు ఆరోగ్యవంతుడై ఉండాలన్న షరతు లేదు. హుజురాత్ సూరా ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని, చెడ్డపేర్లతో పిలవడాన్ని నిషేధించింది. ఆ దృష్టితో చూచినపుడు 'ఎర్రగడ్డ' అని నవ్వడం రోగిని నవ్వడమే అవుతుంది.

మంచి పరిసరాలు కోరుకొనడం తప్పు కాదు. ధారాళమైన గాలిని కోరిన నవాబు పొరపడలేదు, ఆ గాలినే కోరిన క్షయరోగి కూడ పొరపడలేదు. ఛాతీ ఆసుపత్రి, మానసిక చికిత్సాలయం ఎర్రగడ్డకు వచ్చిన తరువాతనే చుట్టుపక్కల ఇండ్లు దట్టంగా లేచాయి. కనుక అక్కడ పొరుగుహక్కు ముందుగా చెందేది ఆ రోగులకే. వారి ప్రశాంతతను కాపాడడం, వారిని చూడవచ్చిన బంధువులకు దాహమిచ్చి దారి చూపడం ఆ పేటలో ఇల్లు కట్టుకున్న ప్రతి విశ్వాసి బాధ్యత.